నీడ చెప్పిన టైము, గోడ చెప్పిన టైము

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసివ్వమని కార్యదర్శిగారు అడిగి రెండు నెలలయింది. రాస్తానని మాట ఇచ్చాను గానీ కూర్చుని రాసే తీరిక చిక్కలేదు. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అన్న సామెత మన రిటైరైనవాళ్ళ కోసమే పుట్టిందేమో. చివరకు గడియారాల గురించి రాద్దామని నిశ్చయించుకున్నాను. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. మిర్యాలగూడలో ఒక ఆఫీసులో ఫైళ్ళు చూసి, 2004లో రిటైరైనవాణ్ణి. గడియారాల మీద నాకు ఆసక్తి కలగడానికి ఒక కారణం ఉంది. దాన్ని వ్యాసం చివర చెబుతాను. ముందు అన్నవరం సంగతి చెప్పనివ్వండి.

2018 కార్తీకమాసంలో మా ఇంట్లోవాళ్ళతో కలిసి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోవడానికి అన్నవరం వెళ్ళాను. అప్పట్లో అది తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి కాకినాడ జిల్లా. వ్రతం అయిపోయింది, ప్రసాదం తిన్నాం. ఆడవాళ్ళు గాజులూ బొమ్మలూ కొనడానికి వెళ్తే నేనూ మా మనవరాలూ ఆలయ ఆవరణలో ఉన్న నీడ గడియారం దగ్గర నిలబడ్డాం. చాలామంది భక్తులు దాన్ని చూసీ చూడనట్టు పోతున్నారు. కొందరు దాని ముందు నిలబడి ఫోటో దిగుతున్నారు. టైము చూసేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

నేను చూశాను. నా చేతి గడియారంతో పోల్చాను. సవరణలేవీ కలపకుండా, నీడ పడిన చోటును ఉన్నదున్నట్టు చదివితే నా వాచీ కంటే పావుగంట ముందుంది. "పాతబడిందమ్మా, తప్పు చూపిస్తోంది" అన్నాను మనవరాలితో. ఆ అమ్మాయి అప్పుడు ఇంజనీరింగు మొదటి సంవత్సరం. సెల్‌ఫోనులో ఏదో చూసి, "తప్పు కాదు తాతయ్యా. నవంబరు కదా, ఇంతే ఉండాలి" అంది. ఒక రాతి గడియారాన్ని అలా తప్పుపట్టినందుకు నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చాక దాని గురించి చదవడం మొదలుపెట్టాను.

గడియారం కట్టిన సిద్ధాంతి

ఆ నీడ గడియారాన్ని 1943లో నిర్మించినవారు పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారు. జ్యోతిష పండితులు. పిడపర్తివారి పేరు మీద వచ్చే పంచాంగం మనలో చాలామంది ఇళ్ళలో చూసిందే. కొండ మీదికి ఏటా లక్షల మంది వస్తారు. వాళ్ళలో ఎంతమందికి శాస్త్రిగారి పేరు తెలుసో చెప్పలేను. నాకైతే డెబ్బై రెండేళ్ళు వచ్చేదాకా తెలియదు.

నీడ గడియారం అంటే ఒక పుల్ల పాతి చుట్టూ అంకెలు వేయడమే అనుకునేవాణ్ణి. అలా చేస్తే అది ఒక రోజు సరిగ్గా, మరో రోజు తప్పుగా చూపిస్తుంది. నీడ వేసే అంచు భూమి ఇరుసుకు సమాంతరంగా, అంటే సుమారుగా ధ్రువ నక్షత్రం వైపు చూస్తూ ఉండాలి. నేలబారు పలక మీద అయితే ఆ అంచు వాలు ఆ ఊరి అక్షాంశంతో సమానం కావాలి. అన్నవరంలో అది పదిహేడు డిగ్రీల పైచిలుకు. కాశీకి లెక్కకట్టిన పలకను తెచ్చి అన్నవరంలో పెడితే పనికిరాదు, అన్నవరం పలక మద్రాసులో పనికిరాదు. గంట గంటకూ మధ్య గీతల దూరం కూడా ఒకేలా ఉండదు. మధ్యాహ్నం దగ్గర గీతలు దగ్గరగా, పొద్దునా సాయంత్రం దూరంగా పడతాయి. ఒక్కో గీతకూ లెక్క వేరు. కాలిక్యులేటరు లేని రోజుల్లో ఆ లెక్కలు కట్టడం సామాన్యం కాదు. మన పూర్వులు నీడ వేసే ఈ భాగాన్ని శంకువు అన్నారు. శంకుచ్ఛాయతో దిక్కులూ, వేళలూ, అక్షాంశాలూ కనుక్కునే పద్ధతులు సిద్ధాంత గ్రంథాలలో ఉన్నాయి.

ఇక మా మనవరాలు చెప్పిన నవంబరు సంగతి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు, పైగా భూమి ఇరుసు వంగి ఉంది. అందువల్ల ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి పట్టే వ్యవధి ఏడాది పొడవునా సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ఉండదు. కొన్ని సెకన్లు ఎక్కువో తక్కువో అవుతుంది. ఆ సెకన్లు రోజురోజుకూ పోగుపడి ఫిబ్రవరి రెండో వారానికి నీడ గడియారం సుమారు పద్నాలుగు నిమిషాలు వెనకపడుతుంది. నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుంటుంది. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబర్ 1, డిసెంబర్ 25 ప్రాంతాల్లో తేడా దాదాపు సున్నా. ఈ సవరణల పట్టిక చేతిలో ఉంటే ఏ రోజైనా నీడను బట్టి టైము నిమిషాలతో సహా చెప్పవచ్చు. అంటే ఆ రోజు అన్నవరంలో శాస్త్రిగారి గడియారం తప్పలేదు. చదవడం తెలియక నేనే తప్పాను.

మనకూ అన్నవరానికీ పన్నెండు నిమిషాలు

ఇంకో విశేషం ఉంది. భారత ప్రామాణిక కాలాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీద లెక్కకడతారని మనం బడిలో చదువుకున్నాం. ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మిర్జాపూర్ దగ్గరగా వెళ్తుందని టీచర్లు చెప్పేవారు. మన తెలుగు నేలలో అది కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అన్నవరం రేఖాంశం 82 డిగ్రీల 24 నిమిషాల ప్రాంతం. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల కాలం చొప్పున చూస్తే అన్నవరం సూర్యుడికీ దేశం మొత్తానికి పెట్టిన టైముకూ అర నిమిషం కూడా తేడా లేదు. నీడ గడియారానికి ఇంతకంటే అనువైన ఊరు మన రాష్ట్రాల్లో వెతికినా అరుదుగా దొరుకుతుంది.

మన మిర్యాలగూడ మాటేమిటి? మనం సుమారు 79 డిగ్రీల 34 నిమిషాల దగ్గర ఉన్నాం. తేడా మూడు డిగ్రీలకు కొంచెం తక్కువ, అంటే పన్నెండు నిమిషాలకు కాస్త తక్కువ. మన గడియారాలు పన్నెండు కొట్టినప్పుడు మన ఊరి సూర్యుడు ఇంకా నడినెత్తికి రాడు. సగటున మరో పన్నెండు నిమిషాలకు వస్తాడు. హైదరాబాదులో అయితే పదహారు నిమిషాలు. పంచాంగంలో సూర్యోదయం ఏ ఊరికి వేశారో చూసుకోమని పెద్దలు చెప్పేది ఇందుకే.

ఊరికొక మధ్యాహ్నం

ఒకప్పుడు ఈ తేడాలు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. మనవాళ్ళ లెక్క గడియల్లో ఉండేది. రోజుకు అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు, ఏడున్నర గడియలు ఒక జాము. అడుగున సన్నని చిల్లి ఉన్న గిన్నెను నీళ్ళ మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. గడియారం అన్న మాటలోనే ఆ గడియ ఉంది. ఊరి సూర్యుడే ఊరికి ప్రమాణం.

పాశ్చాత్య దేశాల్లోనూ చాలాకాలం ఇదే పద్ధతి. అమెరికా ఇంగ్లండు పాలనలో ఉన్న రోజుల్లో అక్కడి చిన్న చిన్న ఊళ్ళలో గడియారాల పనివాళ్ళు ఉండేవారు. ఏడాదికి కొన్ని గడియారాలు చేసి, ముఖం మీద తమ పేరూ ఊరి పేరూ రాసేవారు. అలాంటివారిలో చాలామంది జీవితాల గురించి ఈరోజు తెలిసేది వాళ్ళు చేసిన గడియారాల వల్లనే. గడియారం దొరికితే మనిషి దొరికినట్టు. వారిలో బాగా పేరు పొందినవాడు డేవిడ్ రిటెన్‌హౌస్. 1732లో పెన్సిల్వేనియాలో ఒక రైతు ఇంట్లో పుట్టాడు. గడియారాలు చేస్తూనే ఆకాశం లెక్కలు నేర్చుకున్నాడు. 1769లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించాడు. తర్వాత ఆ దేశపు నాణేల టంకశాలకు మొదటి అధిపతి అయ్యాడు. గడియారం చేసేవాడూ, గ్రహాలు లెక్కకట్టేవాడూ ఒకే మనిషి కావడం చూస్తే నాకు శాస్త్రిగారు గుర్తొచ్చారు. మన తెలుగువాళ్ళలో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపి 1874లో అదే శుక్ర సంక్రమణాన్ని పరిశీలించారు.

ఆ రోజుల్లో గడియారం కొన్నవాళ్ళు దాన్ని సరిచేసుకోవడానికి నీడ గడియారాన్నే నమ్ముకునేవారు. యంత్రం తప్పితే నీడను చూసి దిద్దుకోవడం పద్ధతి. నీడే సాక్ష్యం.

ఆ పద్ధతిని మార్చింది రైలు. ఊరికొక టైము ఉంటే రైళ్ళు నడపడం కుదరదు. మన దేశంలో రైల్వేలు మద్రాసు వేధశాల టైమును పాటించాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. మద్రాసు టైముకూ హైదరాబాదు సూర్యుడికీ ఏడు నిమిషాల తేడా. అమెరికాలో 1883 నవంబరు 18న రైల్వే కంపెనీలన్నీ ఒక్కసారిగా కొత్త టైముకు మారాయి. ఆ రోజు చాలా ఊళ్ళలో పాత లెక్క ప్రకారం ఒక మధ్యాహ్నం, కొత్త లెక్క ప్రకారం ఇంకో మధ్యాహ్నం అయ్యాయని చెప్పుకున్నారు. మన దేశంలో ప్రామాణిక కాలం 1906 జనవరి 1న మొదలైంది. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ ఊరి టైమును వదల్లేదు. సూర్యుణ్ణి కాదని గోడను నమ్మడానికి జనానికి అంతకాలం పట్టింది.

గోపురాల మీది గడియారాలు

మనలో చాలామందికి హైదరాబాదు గడియారాలు ఎరుకే. 1591 నాటి చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు బిగించింది 1889లో. మహబూబ్ చౌక్ గడియారపు గోపురాన్ని ప్రధానమంత్రి ఆస్మాన్‌జా 1892లో కట్టించారు. సికింద్రాబాదు గడియార స్తంభం ప్రారంభమైంది 1897లో, దానికి గడియారాన్ని ఇచ్చిన దాత దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రామ్‌గోపాల్. 1935 నాటి మొజంజాహి మార్కెట్టుకు నిజాం ప్రభువు రెండో కుమారుడి పేరు పెట్టారు. ఈ పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి. కట్టించినవారు, ఇచ్చినవారు, పాలించినవారు.

సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్ళెవరూ అక్కడి సంగీత గడియారాన్ని మరచిపోరు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు ఒక గడ్డపు మనిషి బొమ్మ తలుపు తెరుచుకుని బయటకు వస్తుంది. వేళకు గంటలు కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. పక్కన ఒక కమ్మరి బొమ్మ సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటుంది. మా పిల్లలు చిన్నప్పుడు మధ్యాహ్నం పన్నెండుకు ఆ పన్నెండు దెబ్బలూ చూడాలని జనంలో నిలబడి, ఎత్తుకోమని మారాం చేశారు. ఆ గడియారం మీద ఉన్న పేరు కుక్ అండ్ కెల్వీ. 1858లో కలకత్తాలో మొదలైన కంపెనీ. ఆ బల్లల దగ్గర కూర్చుని ఆ చక్రాలను అమర్చిన పనివాళ్ళ పేర్లు దాని మీద లేవు. గంటకోసారి గడ్డపు మనిషి బయటికొస్తాడు గానీ వాళ్ళు ఎప్పుడూ బయటికి రారు.

ఇంకొకరి పేరు అసలే ఉండదు. వారం వారం కీ ఇచ్చే మనిషి పేరు. కీ ఇచ్చే గడియారం ఎంత గొప్పదైనా ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో ఆగిపోతుంది. నూరేళ్ళ పాత గడియారం ఈరోజు నడుస్తోందంటే, వారానికోసారి ఎవరో ఒకరు మెట్లెక్కి వెళ్ళారన్న మాట. లెక్కేస్తే నూరేళ్ళకు ఐదువేల రెండు వందల సార్లు. నీడ గడియారానికి ఆ అవసరం లేదు. స్ప్రింగు లేదు, చక్రాలు లేవు. మబ్బు పట్టినా పొద్దుగూకినా నోరు మూసుకుంటుంది, అంతే. దానికి ఇంకో గుణం కూడా ఉంది. దాని ముల్లును ఎవరూ ముందుకు జరపలేరు.

ప్రభుత్వం జరిపిన గంట

ముల్లు జరపడం అన్నాను కాబట్టి 1943 సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, బ్రిటిష్ ఇండియాలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. పగటి వెలుతురును ఎక్కువగా వాడుకోవాలని ఆ ఏర్పాటు. అంటే శాస్త్రిగారు అన్నవరంలో నీడ గడియారం కట్టిన ఏడాది కచేరీల్లో, స్టేషన్లలో ఉన్న గడియారాలన్నీ సూర్యుడి కంటే గంట ముందున్నాయి. పట్నంలో గోడ మీది ముళ్ళు పన్నెండు చూపిస్తే, కొండ మీద నీడ సుమారుగా పదకొండు చూపించేది. యుద్ధం అయిపోయింది, గంట వెనక్కి వచ్చింది. కొండ మీది గీతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోడ గడియారాన్ని ముందుకు జరిపిన అధికారుల్లో నేనూ ఒకణ్ణి. గంట కాదు, పది నిమిషాలే.

మా ఆఫీసు గోడ

అది 1979. నాకు ముప్ఫై మూడేళ్ళు, అప్పుడే హెడ్ క్లర్కు అయ్యాను. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో మన ప్రాంతం పచ్చబడి, ఊరి చుట్టూ రైసు మిల్లులు లేస్తున్న కాలం. మా ఆఫీసులో పాత లోలకం గడియారం ఒకటి ఉండేది. గంటలూ అరగంటలూ కొట్టేది. దానికి రెండు కన్నాలు, ఒకటి నడకకు, రెండోది గంటలకు. ప్రతి సోమవారం స్టూలెక్కి ఆ రెండింటికీ కీ ఇచ్చి, అద్దం తుడిచి దిగేవారు మా అటెండరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అయినా నేను ఆయనను నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవారు. అప్పట్లో అది తప్పని నాకు తోచలేదు.

ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేవాళ్ళను దారిలో పెట్టాలని నాకొక ఆలోచన వచ్చింది. ఒక శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక గడియారం ముల్లును పది నిమిషాలు ముందుకు జరిపాను. ఎవరికీ చెప్పలేదు. చేతికి వాచీలున్నవాళ్ళు రెండు రోజుల్లో సంగతి గ్రహించి సర్దుకున్నారు. అటెండరుకు వాచీ లేదు. పక్క ఊరి నుంచి కాలువ గట్టు మీద నడిచి వచ్చేవారు. మిల్లు కూత విని బయలుదేరితే సరిగ్గా వేళకు చేరేవారు. అంతకు ముందు పన్నెండేళ్ళలో ఆయన హాజరు పట్టీలో ఒక్క ఎర్ర గీత లేదు. ఆ వారంలో మూడు పడ్డాయి. మూడు ఆలస్యాలకు ఒక క్యాజువల్ లీవు కోత. నియమం మీకందరికీ తెలిసిందే. నేను కోశాను.

తరువాతి సోమవారం కీ ఇస్తూ స్టూలు మీది నుంచే అన్నారు: "సార్, గడియారం ముందు నడుస్తున్నది."

"నీ పని కీ ఇవ్వడం. టైము సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వారం వారం చేతికి అందే ముల్లు అది. ఎవరూ చూడనప్పుడు వెనక్కి జరిపి ఉండవచ్చు. జరపలేదు. మిల్లు కూత కంటే ముందే బయలుదేరి రావడం మొదలుపెట్టారు.

డిసెంబరు ఆఖరి వారంలో ఒక రోజు సెలవు అడిగారు. కూతురికి పెళ్ళిచూపులు. సూర్యాపేట నుంచి వస్తున్నారట. నేను రిజిస్టరు తీసి చూశాను. క్యాజువల్ లీవు మిగిలింది సున్నా. వేరే సెలవు ఇవ్వాలంటే ఆఫీసరుగారి సంతకం కావాలి, ఆయన క్యాంపులో ఉన్నారు. "లేదు" అన్నాను. ఆయన రిజిస్టరు వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. పెళ్ళివారు వచ్చిన రోజు ఆయన ఆఫీసులోనే ఉన్నారు. అందరికీ టీలు అందించారు. ఫైళ్ళు మోశారు. కూతురి పెళ్ళిచూపుల్లో తండ్రి చోట ఆయన తమ్ముడు కూర్చున్నాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ సాయంత్రం నాకు ఆ మూడు ఎర్ర గీతలు గుర్తొచ్చాయి. ఆ కోసిన ఒక్క రోజే ఆయనకు కావలసిన ఒక్క రోజు. మరునాడు అందరికంటే ముందు వచ్చి, స్టూలు వేసుకుని ఎక్కి, ముల్లును వెనక్కి తిప్పబోయాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"వెనక్కి తిప్పొద్దు సార్. గంటలు కొట్టే గడియారం. లోపల లెక్క తప్పుతది."

"మరి ఎట్లా?"

"లోలకం ఆపాలె. పది నిమిషాలు ఆగి, మళ్ళ ఊపాలె."

నేను దిగాను. ఆయన ఎక్కి, తలుపు తెరిచి, లోలకాన్ని వేలితో పట్టి ఆపారు. నా చేతి వాచీ చూస్తూ నేను కింద నిలబడ్డాను. ఆఫీసులో ఇద్దరమే ఉన్నాం. పది నిమిషాలు. చెప్పాల్సిన మాట చెప్పడానికి పది నిమిషాలు చాలు. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. "అయింది" అన్నాను. ఆయన లోలకాన్ని ఊపి, తలుపు వేసి, స్టూలు తీసి మూలన పెట్టారు.

కూతురికి ఆ సంబంధమే కుదిరింది. నేనూ పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి వచ్చాను. కొన్నేళ్ళకు ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు సభలో అందరం దండలు వేసి మాట్లాడాం. నేనూ మాట్లాడాను, సమయపాలన గురించి. ఆయన వెళ్ళిన రెండో వారంలో గడియారం ఆగిపోయింది. కీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తీరా చూస్తే గడియారం పెట్టె లోపలే, ఆయన రోజూ పెట్టే చోటే ఉంది. మేం ఎవరం అక్కడ వెతకలేదు. ఆ తర్వాత సెల్లుతో నడిచే గడియారం వచ్చింది. పాతది సామాన్ల గదికి, అక్కడి నుంచి వేలానికి వెళ్ళిపోయింది.

ఆయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నేనే దగ్గరుండి రాయించాను. అప్పుడైనా ఆ ఇంట్లో కూర్చుని చెప్పవచ్చు. అప్పుడూ నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మన సంచిక ఆ ఇంటికి కూడా వెళ్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు తానే నాయనమ్మ అయింది. చదువుతుందని నమ్మకం. అమ్మా, ఆ రోజు మీ నాన్నగారు ఇంట్లో లేకపోవడానికి కారణం సెలవు లేకపోవడం కాదు. ఆయన ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు. ఆ గడియారం ముందుంది, దాన్ని ముందు పెట్టింది నేను.

సభ్యులకు ఒక మనవి. ఈసారి అన్నవరం వెళ్ళినప్పుడు ప్రసాదం పొట్లం చేతిలో పెట్టుకుని నీడ గడియారం దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారి పేరు మనవలకు చెప్పండి. నీడకూ మీ వాచీకీ తేడా కనిపిస్తే, నాలా వెంటనే గడియారాన్ని తప్పుపట్టకండి. ఏ నెల అన్నది చూసి లెక్క కలపండి. అలాగే మీ ఆఫీసులో గడియారానికి కీ ఇచ్చిన మనిషి ఎవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆయన ఇంకా ఉంటే వెళ్ళి పలకరించండి. మనమందరం ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నవాళ్ళం. ఆలస్యం చేయడం మంచిది కాదు.

వ్యాసంలో లెక్కల్లో పొరపాట్లుంటే పెద్దలు తెలియజేయగలరు. దిద్దుకుంటాను.